విశాఖ సముద్రంలో హెన్రీ ల్యాంబర్ట్



మాది తిరువూరు. మామిడి తోటల ఊరు. మాకు నీళ్లంటే చెరువు, బోరు, వానాకాలంలో దారి ఆపేసే కట్టలేరు. అయినా 2022 దాకా మేం సముద్రం ఉన్న జిల్లా వాళ్లమే. కలెక్టరు కచేరీలో పని పడితే బందరు బస్సెక్కేవాళ్లం. ఆ ఏడాది ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, బందరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఆ పంపకాల్లో సముద్రం మా వాటాకి రాలేదు. తుఫాను మాత్రం జిల్లా హద్దులు చూసుకోదు కనక, మే నెలలో వాయుగుండం పడిందంటే మా తోటల్లో కాయ ఇప్పటికీ రాలుతూనే ఉంది.

కాబట్టి సముద్రం సంగతి మాట్లాడే హక్కు నాకు కొంచెం మిగిలే ఉందనుకుంటాను. ఇవాళ చెప్పబోయేది తెరచాపల కాలం నాటి బ్రిటిష్ యుద్ధనౌకల్లో ఒక రకం గురించి. దాని పేరు ఫ్రిగేట్. ఇంగ్లీషువాళ్ల ఓడల కథలు మనకెందుకు అని రేడియో కట్టేయకండి. నెపోలియన్ కాలపు నౌకాయుద్ధం అనగానే ట్రఫాల్గర్, నెల్సన్ అంటాం. అదే యుద్ధంలో ఒక ముక్క మన విశాఖపట్నం రేవు ముందు, బీచికి కూతవేటు దూరంలో జరిగింది. హెన్రీ ల్యాంబర్ట్ అని ఒక కెప్టెన్ ఉన్నాడు. ఆ పేరు గుర్తుంచుకోండి. ఈ ప్రసంగం చివరిదాకా మనతో వస్తాడు.

ముందు ఓడ సంగతి. ఆ రోజుల్లో పెద్ద యుద్ధనౌకలు రెండు మూడు అంతస్తుల నిండా ఫిరంగులతో ఉండేవి. నెల్సన్ ఎక్కిన విక్టరీలో నూరు ఫిరంగులు, ఎనిమిది వందలకు పైగా మనుషులు. మామూలుగా కనిపించే పెద్ద ఓడకి డెబ్బై నాలుగు ఫిరంగులు. ఇవి తిరునాళ్లలో రథం లాంటివి. కదిలితే చూడ్డానికి గొప్పగానే ఉంటుంది గానీ కదలాలంటే పదిమందీ లాగాలి, దారి వెడల్పుగా ఉండాలి, లోతైన నీళ్లుండాలి. ఫ్రిగేట్ అలా కాదు. దానికి కప్పు కింద ఫిరంగుల వరుస ఒక్కటే. పైన బయట కొన్ని చిన్నవి. అన్నీ కలిపి ముప్ఫై రెండో, ముప్ఫై ఆరో, ముప్ఫై ఎనిమిదో. మనుషులు రెండొందల డెబ్బై, ఎనభై మంది. మూడు కొయ్యలు, వాటి నిండా తెరచాపలు. బరువు తక్కువ, చాప ఎక్కువ కాబట్టి పెద్ద ఓడకి అందకుండా పారిపోగలదు, చిన్న ఓడని తరిమి పట్టుకోగలదు.

అందుకే దానికి అన్ని పనులూ పడేవి. శత్రువు ఎక్కడున్నాడో వెతికి కబురు తేవడం, ఉత్తరాలు మోయడం, వర్తకుల ఓడలకి కాపలా కాయడం, శత్రువు వర్తక ఓడల్ని పట్టుకోవడం. 1798లో నెల్సన్ దగ్గర ఫ్రిగేట్లు లేకపోబట్టి, ఈజిప్టుకి పోతున్న నెపోలియన్ దండు ఆయన పక్కనుంచే చీకట్లో దాటిపోయింది. ఫ్రిగేట్లు చాలడం లేదని ఆయన ఆ వేసవంతా ఉత్తరాల్లో మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆయనకి వీటి విలువ కుర్రతనంలోనే తెలుసు. 1770లలో సీహార్స్ అనే చిన్న ఫ్రిగేట్‌లో మద్రాసు దాకా వచ్చి, ఇక్కడి జ్వరం తగులుకుని, చావు తప్పి ఇంటికి పోయినవాడే.

ఇంకో సంగతి కూడా ఉంది, అది డబ్బు. పట్టుకున్న ఓడని, సరుకుని అమ్మగా వచ్చింది పట్టినవాళ్లు పంచుకునేవారు. 1808కి ముందు లెక్క ప్రకారం ఎనిమిది వాటాలు వేస్తే మూడు కెప్టెన్‌వి. అందులో ఒకటి పై అధికారి అడ్మిరల్‌కి పోయేది. తెరచాపలు లాగి, ఫిరంగులు తోసే మామూలు నావికులందరికీ కలిపి రెండు. కుర్ర కెప్టెన్లు ఫ్రిగేట్ కోసం ఎందుకు ఎగబడేవారో ఈ లెక్క చూస్తే చాలు. దేశభక్తి ఉండే ఉంటుంది, కాదనను.

ఫిరంగుల అంతస్తులోకి ఒకసారి దిగుదాం. పొడుగాటి వాడు నిటారుగా నిలబడలేని గది. రెండు పక్కలా కిటికీలు, ఒక్కో కిటికీ దగ్గర చక్రాల పీట మీద ఒక్కో ఫిరంగి. పద్దెనిమిది పౌన్ల గుండు, అంటే ఎనిమిది కిలోల ఇనప ముద్దని విసిరే ఫిరంగి తానే రెండు టన్నులుంటుంది. దాని చుట్టూ పదిమంది దాకా. కాల్చగానే అది వెనక్కి తన్నుకుని వస్తుంది. లావాటి మోకు దాన్ని ఆపాలి, దారిలో ఎవడి కాలూ ఉండకూడదు. తడి కుచ్చుతో గొట్టం లోపల తుడుస్తారు. నిప్పు రవ్వ ఒక్కటి మిగిలినా తర్వాత దూర్చే మందు చేతిలోనే పేలుతుంది. తర్వాత గుడ్డ సంచిలో కట్టిన మందు, గుండు, అది జారిపోకుండా పాత తాళ్ల ఉండ. కర్రతో కూరుతారు. అందరూ కలిసి తాళ్లు లాగి ఫిరంగి మూతిని కిటికీ బయటికి తోస్తారు. కాలుస్తారు. మళ్లీ మొదలు. చేయి తిరిగిన వాళ్లు రెండు నిమిషాలకో గుండు వేసేవారు. అడుగున ఉన్న మందు గది నుంచి ఒక్కో సంచీ మోసుకుని పరుగెత్తేది పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలు. కాలు జారకుండా నేల మీద ఇసక చల్లేవారు. ఆ ఇసక నీళ్ల కోసం కాదని వేరే చెప్పక్కర్లేదు. గుండు తగిలి పోయినవాళ్ల కన్నా, గుండు దెబ్బకి చిట్లి ఎగిరే చెక్క పేళ్లు గుచ్చుకుని గాయపడినవాళ్లే ఎక్కువ.

ఇక మన తీరానికి వద్దాం. ఆనాడు విశాఖలో గానీ బందరులో గానీ పెద్ద ఓడ లోపలికొచ్చి ఆగే రేవు లేదు. విశాఖలో ఇప్పుడు మనం చూసే హార్బరు 1933లో తెరిచింది. అంతకుముందు డాల్ఫిన్స్ నోస్ కొండకి ఎదురుగా, బయట సముద్రంలో లంగరు వేయడమే. బందరులో మరీ అన్యాయం, నీళ్లు లోతు లేక ఓడలు మైళ్ల దూరంలో ఆగిపోయేవి. ఓడకీ ఒడ్డుకీ మధ్య కెరటాలు. ఇంగ్లీషువాడి గట్టి చెక్క పడవ ఆ కెరటాల్లో పగిలిపోయేది. మనవాళ్ల మసూలా పడవకి మేకులుండవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. కెరటం కొడితే అది వంగుతుంది, తిరిగి సర్దుకుంటుంది. బందరు బట్టల మూటలు గానీ, విశాఖలో ఈస్టిండియా కంపెనీ కొన్న సరుకు గానీ, ఆఖరికి గవర్నరుగారి మేడమ్ గానీ, ఒడ్డు నుంచి ఓడకి చేరాలంటే మన పడవవాళ్ల చేతుల మీదుగానే. వందల ఫిరంగుల రాజ్యం కూడా ఆ అరమైలు దూరంలో పల్లెకారుల దయ మీద నడిచింది. ఆ పల్లెకారుల పేర్లు ఏ కెప్టెన్ రాసిన రిపోర్టులోనూ ఉండవు.

1803 మేలో బ్రిటన్‌కీ ఫ్రాన్సుకీ మళ్లీ యుద్ధం మొదలైంది. ఇప్పుడు మనం మారిషస్ అంటున్న దీవి అప్పుడు ఫ్రెంచివాళ్లది. మన తెలుగువాళ్లు కూలీలుగా అక్కడికి ఓడలెక్కింది ఆ తర్వాత కాలంలో. అప్పట్లో అది ఫ్రెంచి ఓడల గూడు. అక్కణ్ణుంచి బయల్దేరి, బంగాళాఖాతంలో దొరికిన వర్తక ఓడనల్లా పట్టుకుపోవడం వాళ్ల పని. సర్కారు ఓడలతో పాటు, సర్కారు చేత చీటీ రాయించుకుని సొంతంగా వేటాడే ప్రైవేటు ఓడలు కూడా ఉండేవి. దొంగతనానికి లైసెన్సు అన్నమాట. ఇవతల బ్రిటిష్ అడ్మిరల్ పీటర్ రైనియర్ దగ్గర ఉన్న ఓడలు తక్కువ, కాయవలసిన సముద్రం ఎర్ర సముద్రం నుంచి చైనా దాకా.

1804 ఏప్రిల్‌లో విల్హెల్మినా అనే బ్రిటిష్ ఫ్రిగేట్ ఒక వర్తక ఓడకి తోడుగా శ్రీలంకలోని ట్రింకోమలి వైపు పోతోంది. దాని కెప్టెన్ మన హెన్రీ ల్యాంబర్ట్. పేరుకి ఫ్రిగేటే గానీ, సామాన్లు మోయడం కోసం సగం ఫిరంగులు తీసేసిన ఓడ. అది కూడా డచ్చివాళ్ల దగ్గర పట్టుకున్నదే. బంగాళాఖాతంలో దానికి సైకీ అనే ఫ్రెంచి ప్రైవేటు ఓడ ఎదురైంది. సైకీకి ఫిరంగులెక్కువ, మనుషులెక్కువ. ల్యాంబర్ట్ తన వెంట ఉన్న వర్తక ఓడని నీ దారిన నువ్వు పొమ్మని పంపేసి, తను వెనక్కి తిరిగి ఎదురెళ్లాడు. ఏప్రిల్ 11న రెండూ గంటల తరబడి కొట్టుకున్నాయి. రెండు ఓడలకీ తాళ్లు తెగాయి, కొయ్యలు విరిగాయి. చివరికి సైకీయే చాపలెత్తి తప్పుకుంది. గెలుపోటముల మాట అలా ఉంచితే, కాపలా కాయమన్న వర్తక ఓడ క్షేమంగా పోయింది. ఫ్రిగేట్ పని అదే.

ఇప్పుడు సెప్టెంబరు. ఫ్రెంచి అడ్మిరల్ లినోవా బంగాళాఖాతంలోకి వచ్చాడు. ఆయన వెంట డెబ్బై నాలుగు ఫిరంగుల మరెంగో, అతలాంత్, సెమియాంత్ అనే రెండు ఫ్రిగేట్లు. ఈయన మీద అప్పటికే ఒక మచ్చ ఉంది. ఆ ఫిబ్రవరిలో మలయా దగ్గర, చైనా నుంచి వస్తున్న కంపెనీ వర్తక ఓడల గుంపు ఎదురైతే, అందులో కొన్ని యుద్ధనౌక జెండాలు ఎగరేసి బెదిరించేసరికి నిజమని నమ్మి వెనుదిరిగాడు. టీ, పట్టు, కోట్ల సరుకు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఆ పోయిన పరువు కోసమేనేమో, మద్రాసుని దూరంగా తప్పించుకుని మన తీరం వెంట రేవులన్నీ వెతుక్కుంటూ పైకి వచ్చాడు. విశాఖలో వర్తక ఓడలు సరుకెక్కించుకుంటున్నాయనీ, వాటికి కాపలా విల్హెల్మినాయేననీ ఆయనకి కబురందింది. సగం ఫిరంగులు లేని ఓడ, ఇక అడ్డేముంది అనుకుని ఉంటాడు.

కానీ రైనియర్ మధ్యలో ఓడ మార్చాడు. విల్హెల్మినా బదులు సెంచూరియన్‌ని పంపాడు. యాభై ఫిరంగులు, రెండు వరుసలు. ఫ్రిగేట్ కన్నా పెద్దది, మరెంగో కన్నా చిన్నది. 1804 సెప్టెంబరు 18 ఉదయం అది విశాఖ ముందు లంగరు మీద ఉంది. పక్కనే బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక ఓడలు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఓడలో లేడు. ఒడ్డున సరుకు పనుల మీద ఉన్నాడు. మూడు ఫ్రెంచి ఓడలు నైరుతి నుంచి గాలివాటున వస్తున్నాయి. సెంచూరియన్‌ని నడుపుతున్నది లెఫ్టినెంట్ ఫిలిప్స్. అతలాంత్ దగ్గరికి రానిచ్చి, ఆయనే ముందు కాల్పించాడు.

ఫిరంగులు మోగగానే బార్నబీ లంగరు తాడు నరుక్కుంది. కెరటాల్లోకి కొట్టుకుపోయి, ఒడ్డుకెక్కి ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్ ఒక్క గుండూ కాల్చకుండా జెండా దించేసింది. దానిలోనూ ఫిరంగులున్నాయి. వర్తకుడి లెక్కలు వర్తకుడివి. సెంచూరియన్ ఒక్కటీ మిగిలింది, మూడింటి మధ్య. లిండ్ ఎలాగో పడవ పట్టుకుని, కెరటాలు దాటి, కాల్పుల నడుమ ఓడ చేరాడు. సెంచూరియన్ లంగరు తాడు గుండు దెబ్బకి తెగింది. ఓడ కొట్టుకుపోతూ ఉంటే కాస్త అవతల మళ్లీ లంగరు వేసి నిలబెట్టారు. ఒడ్డున ఉన్న చిన్న ఫిరంగి దళం కూడా చేతనైనంత కాల్చింది.

అప్పుడు లినోవా చేతిలో ఉన్న బలానికి సెంచూరియన్ మిగలకూడదు. మిగిలింది. ఎందుకంటే సెంచూరియన్ ఒడ్డుకి దగ్గరగా ఉంది. మరెంగో లోతు కావలసిన ఓడ, అడుగున ఏ ఇసక దిబ్బ ఉందో దాని వాళ్లకి తెలియదు. విశాఖ దగ్గర దెబ్బ తగిలి అడుగు పగిలితే మరమ్మతు చేసుకోవడానికి మారిషస్ దాకా పోవాలి. దూరం నుంచే గంటల తరబడి కాల్చి, మధ్యాహ్నానికి ప్రిన్సెస్ షార్లెట్‌ని పట్టుకుని వెళ్లిపోయారు. సెంచూరియన్ తాళ్లూ చాపలూ చీలికలైనా వెంటపడబోయింది గానీ అందుకోలేకపోయింది. ఆ ఓడలో చనిపోయింది ఒక్కడు, గాయపడింది తొమ్మిది మంది. ఒక పొద్దంతా నాలుగు ఓడలు మందు తగలేస్తే సెంచూరియన్‌లో జరిగిన ప్రాణనష్టం ఇంతే.

ఇంగ్లీషు చరిత్రకారులు దీన్ని లిండ్ ధైర్యం అంటారు. లినోవా పిరికితనం అని నెపోలియనే మండిపడ్డాడు. నాకు మటుకు ఆ రోజు యుద్ధాన్ని తేల్చింది మన తీరం అనిపిస్తుంది. రేవు లేదు, లోతు లేదు, కెరటం ఆగదు అని రెండు వందల ఏళ్లు కంపెనీవాళ్లు తిట్టుకున్న ఆ తీరమే ఒక ఓడని మింగింది, ఒక ఓడని కాపాడింది. ఆ పొద్దున కొండ మీద నిలబడి చూసిన జాలరులకి ఎవరు ఎవరో తెలిసినా తెలియకపోయినా, బార్నబీ ఎక్కడ తగులుకుంటుందో ముందే తెలిసి ఉంటుంది.

ల్యాంబర్ట్ ఏమయ్యాడు? ఆయనకి ఇంకో ఫ్రిగేట్ ఇచ్చారు, పేరు శాన్ ఫియోరెంజో. ఇది కూడా ఒకప్పుడు ఫ్రెంచిదే. కోర్సికాలో మునిగితే పైకి తీసి, అక్కడి రేవు పేరే పెట్టుకున్నారు. ఈలోగా మారిషస్‌లో ఫ్రెంచి సర్కారు సైకీని కొనేసి, జాక్ బెర్జెరే అనే మంచి పేరున్న కెప్టెన్ చేతికిచ్చింది. 1805 ఫిబ్రవరిలో సైకీ మళ్లీ మన వైపు వచ్చింది. రెండు వర్తక ఓడల్ని పట్టుకుంది కూడా. ల్యాంబర్ట్ వెతుక్కుంటూ వచ్చాడు. విశాఖకి పైన, గంజాం తీరం వైపు సముద్రంలో కనిపించింది. తరిమాడు. ఏ ఓడతో పది నెలల కిందట తేల్చుకోలేకపోయాడో అదే ఓడ.

ఫిబ్రవరి 14 రాత్రి ఎనిమిది ప్రాంతంలో మొదలైంది. శాన్ ఫియోరెంజోవి పద్దెనిమిది పౌన్ల ఫిరంగులు, సైకీవి పన్నెండు పౌన్లవి. ఆ తేడా ఎంతో పొద్దున్నే లెక్కలో తేలింది. కానీ రాత్రి మాత్రం బెర్జెరే వెనక్కి తగ్గలేదు. దగ్గరికొచ్చి శత్రువు ఓడ మీదికి మనుషుల్ని దూకించబోయాడు. మూడు గంటలకు పైగా ఆ చీకట్లో కొట్టుకున్నాక, ల్యాంబర్ట్ తెగిన తాళ్లు ముడేసుకోవడానికి కాసేపు పక్కకి తప్పుకున్నాడు. అర్ధరాత్రికి మళ్లీ ఫిరంగులు బారు చేసుకుని వస్తుంటే సైకీ నుంచి ఒక పడవ వచ్చింది. అందులో ఒక ఆఫీసరు. బెర్జెరే కబురు ఇదీ: ఓడ అప్పగిస్తాను. నా మనుషులు చాలామంది పడిపోయారు, ఇంకా చంపించలేను. మా ఆయుధాలు మా దగ్గరే ఉండనివ్వాలి, ఈ రాత్రికి నన్ను నా ఓడలో, గాయపడినవాళ్ల దగ్గర ఉండనివ్వాలి. ల్యాంబర్ట్ ఒప్పుకున్నాడు.

సైకీలో 57 మంది పోయారు, 70 మందికి గాయాలు. శాన్ ఫియోరెంజోలో 12 మంది పోయారు, 56 మందికి గాయాలు. విశాఖలో అన్ని ఫిరంగులు అన్ని గంటలు మోగి చంపిన దానికీ, ఇక్కడ రెండు ఫ్రిగేట్లు ఒక్క రాత్రిలో చేసిన దానికీ పోలిక లేదు. దూరం నుంచి పరువు కోసం చేసే యుద్ధం ఒకటి, పక్కపక్కన నిలబడి చేసేది ఒకటి. సైకీకి మరమ్మతు చేసి, అదే పేరుతో బ్రిటిష్ దళంలో చేర్చుకున్నారు. ఈ ఓడలన్నీ ఇలాగే చేతులు మారేవి. డచ్చి ఓడలో ఇంగ్లీషువాడు, ఫ్రెంచి ఓడలో ఇంగ్లీషువాడు. జెండా గుడ్డ ఒక్కటే కొత్తది.

ఓడలకి దెబ్బలు తగిలితే బాగుచేసేదెక్కడ అని మీకు అనుమానం రావాలి. దాని జవాబులో ఒక ముక్క గోదావరి పాయ మీద ఉంది. కోరంగి. యానాం పక్కనే. మన తీరంలో ఓడలు కట్టే పని తరతరాలుగా తెలిసిన ఊరు. 1802లో ఎబెనీజర్ రోబక్ అనే దొర అక్కడ డాక్ కట్టించాడు, సర్కారు ఓడలకీ కంపెనీ ఓడలకీ మరమ్మతు చేయడానికి. కలకత్తాకీ ట్రింకోమలికీ మధ్య పెద్ద ఓడ అడుగు చూసి బాగుచేయగల చోటు అదొక్కటేనని ఆనాటి మాట. అక్కడి వడ్రంగులు ఫ్రిగేట్ అడుగున రాగి రేకులు పీకి మళ్లీ కొట్టగలిగినవాళ్లు. ఆ రేకులు లేకపోతే మన వెచ్చని నీళ్లలో పురుగు చెక్కని జల్లెడ చేస్తుంది. అయితే నది వండు తెచ్చి పోస్తూనే ఉంది, నోరు పూడుకుపోతూనే ఉంది. 1789 తుఫానుకే కోరంగి సగం చచ్చింది. 1839 నవంబరు తుఫాను మిగతా పని పూర్తి చేసింది. ఆ ఊరి పేరు మాత్రం బర్మాలో బతికింది. రంగూన్‌లో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు, ఆ రేవులో ఓడలెక్కి వెళ్లినవాళ్లు కనక. చెక్క పడవలు కట్టే చేతులు తాళ్లరేవు వైపు ఇప్పటికీ ఉన్నాయి.

తిరిగి ల్యాంబర్ట్. 1812లో ఆయన జావా అనే ఫ్రిగేట్‌కి కెప్టెన్. అదీ పట్టుకున్న ఫ్రెంచి ఓడే, ఆశ్చర్యపోకండి. ఇంగ్లండ్ నుంచి బొంబాయికి రావాలి. ఓడలో బొంబాయి గవర్నరుగా రావలసిన జనరల్ హిస్లప్ ఉన్నాడు. బొంబాయి డాక్‌లో కడుతున్న కార్న్‌వాలిస్ అనే పెద్ద ఓడకి కావలసిన రాగి రేకులున్నాయి. వీటితో పాటు ఒక కాగితాల చుట్ట. బొంబాయిలో కొత్తగా ఒక ఫ్రిగేట్ కట్టమని ఇచ్చిన ఆర్డరు తాలూకు ప్లాన్లు అవి. అప్పటికి బ్రిటన్‌కీ అమెరికాకీ యుద్ధం మొదలైంది. డిసెంబరు 29న బ్రెజిల్ తీరం అవతల కాన్‌స్టిట్యూషన్ అనే అమెరికా ఫ్రిగేట్ ఎదురైంది. అది పేరుకి ఫ్రిగేట్ గానీ, చెక్క మందంలో, ఫిరంగుల బరువులో మామూలు బ్రిటిష్ ఫ్రిగేట్ కన్నా చాలా పెద్దది. సైకీ మీద పద్దెనిమిది పౌన్ల ఫిరంగులు ల్యాంబర్ట్‌కి ఏ మేలు చేశాయో, అవతలి ఇరవై నాలుగు పౌన్ల ఫిరంగులు ఇప్పుడు ఆయనకి ఆ కీడు చేశాయి. జావా కొయ్యలన్నీ కూలాయి. కొయ్య మీది నుంచి కాల్చిన తూటా ల్యాంబర్ట్ ఛాతీలో దిగింది. కొద్ది రోజులకి సాల్వదోర్ రేవులో చనిపోయాడు. ఓడ తీసుకెళ్లడానికి కూడా పనికిరాదని అమెరికన్లు తగలబెట్టారు. ప్లాన్లు దానితోనే పోయాయి.

మళ్లీ నకలు రాయించి 1813లో పంపారు. 1816లో బొంబాయిలో అడుగు కొయ్య వేశారు. కట్టినవాడు వాడియా కుటుంబంలో జంషెట్జీ బొమన్‌జీ, పార్సీ మేస్త్రీ. వాళ్ల ఆచారం ప్రకారం అడుగు కొయ్యలో వెండి మేకు దిగేశారు. కలప మలబారు టేకు. ఇంగ్లండ్ ఓడల ఓక్ చెక్కలో ఉన్న పులుపు ఇనప మేకుల్ని తినేస్తుంది, టేకులో ఉన్న నూనె వాటిని కాపాడుతుంది. టేకు పేడు గుచ్చుకుంటే మాత్రం పుండు మానదని నావికుల్లో ఒక భయం ఉండేది. 1817 అక్టోబరు 12న ఆ ఓడని నీళ్లలోకి దింపారు. పేరు ట్రింకోమలి. నలభై ఆరు ఫిరంగులు. తమాషా ఏమిటంటే, అప్పటికి వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ ఓడిపోయి రెండేళ్లు. ఏ యుద్ధం కోసం కట్టారో ఆ యుద్ధం లేదు. ఇంగ్లండ్ పోగానే పైన కప్పు వేసి పాతికేళ్లకు పైగా కట్టేసి ఉంచారు. తర్వాత ఫిరంగులు తగ్గించి కొంత కాలం తిప్పారు, ఆపైన కుర్ర నావికులకి బడి చేశారు. 1897లో పాత చెక్క కింద అమ్మేయబోతే ఒకాయన కొని ఫుద్రోయాన్ అని పేరు మార్చి నడిపించాడు. 1987లో హార్టిల్‌పూల్ చేర్చి, దశాబ్దానికి పైగా బాగుచేసి, పాత పేరే మళ్లీ పెట్టారు. ఇవాళ నీళ్ల మీద తేలుతున్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో అన్నింటికన్నా పాతది అదే. ల్యాంబర్ట్ ఎక్కినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఆయన చేరవేయలేకపోయిన కాగితాల ఓడ మిగిలింది.

విశాఖలో ఫ్రిగేట్లకి ఇప్పుడు కొదవ లేదు. 2025 ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి అనే రెండింటిని ఒకే రోజు అక్కడ మన నౌకాదళంలో చేర్చారు. ఒక్కొక్కటి ఆరు వేల ఏడు వందల టన్నుల దాకా బరువు, ట్రింకోమలికి నాలుగింతలు పైనే. పేరు అదే, పని కూడా చాలావరకు అదే. వెతకడం, తోడు పోవడం, అవసరమైతే ఎదురు తిరగడం.

చివరిగా తిరువూరు, నూజివీడు వైపు తల్లిదండ్రులకి ఒక మాట. మన పిల్లలు చాలామంది ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బరోలో, టీసైడ్ యూనివర్సిటీలో చదువుతున్నారు. హార్టిల్‌పూల్ అక్కడికి దగ్గరే. ఈసారి వీడియో కాల్‌లో అన్నం తిన్నావా, పార్ట్‌టైమ్ దొరికిందా అని అడిగాక, ఒక ఆదివారం ఆ ఓడ చూసి రమ్మనండి. ఫిరంగుల అంతస్తులోకి దిగేటప్పుడు మాత్రం తల వంచమనండి, దూలాలు బాగా కిందికుంటాయి.